అన్న మీద ఒట్టు

నాకు పుట్టుకతో ఒకటే కిడ్నీ. ఈ మాట నమ్మగలిగినవాళ్ళే ముందుకు చదవండి. నమ్మనివాళ్ళతో నాకు కావలసినంత పరిచయం ఉంది, కొత్తవాళ్ళు అక్కర్లేదు.

మాది విశాఖపట్నంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న మత్స్యకారుల పేట. మాలో వేట అంటే చేపల వేటే. నాన్న మా చిన్నతనంలోనే పోయాడు. అమ్మ తెల్లారకుండానే హార్బర్‌కి పోయి, వేలంపాటలో చేపలు కొని, తట్ట నెత్తిన పెట్టుకుని మేడలున్న వీధులన్నీ తిరిగి అమ్మి మా ఇద్దరన్నదమ్ముల్నీ పెంచింది. అన్న మీసాలు రాకముందే బోటెక్కాడు. నన్ను మాత్రం ఎక్కనివ్వలేదు. "ఇంటికొకడు సాల్రా సముద్రానికి. నువ్వు సదువుకో" అని ఐటీఐలో చేర్పించాడు. ఆ చదువు పుణ్యమా అని అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్నయ్యాను. పొద్దున్నే బస్సు, సాయంత్రం బస్సు, కాళ్ళకి బూట్లు. మా వీధిలో బూట్లేసుకుని పనికెళ్ళేవాణ్ణి నేనొక్కణ్ణే కావడంతో నాకు 'ఆఫీసరు' అని పేరు పెట్టారు. మొదట్లో అది ముద్దుపేరే. తర్వాత అదే తిట్టయింది, ఎందుకో చెప్తాను.

అన్న వెళ్ళేది పెద్ద బోటు మీద. ఒకసారి వెళ్తే ఒడ్డు కనపడేసరికి చాలా రోజులు పడుతుంది. బోటు మీద తాగే నీళ్ళు పొదుపు. ఎండకి ఒళ్ళు మాడిపోతుంది, వల లాగి లాగి నడుము విరుగుతుంది. మందుల షాపులో కొనుక్కెళ్ళిన నొప్పి బిళ్ళలు మరమరాలు నమిలినట్టు నమిలేవాళ్ళు. బీపీ అనేదొకటి ఉంటుందని, అది నొప్పి పెట్టకుండానే లోపల పని కానిచ్చేస్తుందని అన్నకి ఎవరూ చెప్పలేదు. నాకు మాత్రం తెలిస్తే కదా చెప్పడానికి. కాళ్ళు వాచాయి. ఉప్పునీళ్ళలో నాని వాచాయన్నారు. అన్నం సయించలేదు, వాంతులు పట్టుకున్నాయి. పచ్చకామెర్లన్నారు. పసరు పోయించి పత్యం పెట్టారు. చివరికి ఒకనాడు బోటు దిగి ఒడ్డున నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోతే ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాను. రెండు కిడ్నీలూ పనికి రాకుండా పోయాయని అక్కడ చెప్పారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "రెండూ ఒకేసారి ఎలా పోతాయండీ? దేవుడు రెండిచ్చింది ఒకటి పోతే ఇంకోటి ఉంటుందనే కదా!" అని డాక్టరు మీదకి వెళ్ళాను, ఆ తప్పేదో ఆయనదే అయినట్టు. ఆయన పాపం ఓపిగ్గానే చెప్పాడు. మనిషి బతకడానికి ఒక్క కిడ్నీ చాలట. ఆ ఒక్కటే కాస్త పెరిగి రెండింటి పనీ చేసుకుపోతుందట. మరి రెండెందుకయ్యా అంటే, కళ్ళూ చెవులూ లాగే కుడీ ఎడమా జంటగా తయారవుతాయి, అంతే. దెబ్బ తగిలో, గడ్డ లేచో, రాయి అడ్డం పడో ఒకటి పాడైతే రెండోది ఆదుకుంటుంది. కానీ బీపీ అలాంటిది కాదు. నొప్పి బిళ్ళల విషమూ అలాంటిది కాదు. అవి నెత్తురుతో పాటు తిరుగుతాయి. రెండింటికీ వెళ్ళేది ఒకే నెత్తురు కాబట్టి రెండూ కలిసే చెడతాయి.

మంచం మీదున్న అన్న అంతా విని, "అంతేరా మరి. రెండింజిన్ల బోటైనా డీజిలు ట్యాంకు ఒకటే కదా. ట్యాంకులో నీరు పడితే రెండూ ఆగిపోతాయి" అన్నాడు. డాక్టరు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

అప్పట్నుంచీ వారానికి మూడుసార్లు మిషన్ మీద పడుకోబెట్టి నెత్తురు కడగడం మొదలైంది. వెళ్ళొచ్చిన రోజున పిండేసిన గుడ్డలా పడుండేవాడు. నీళ్ళు కొలిచి తాగాలన్నారు. ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని, గుమ్మంలో కూర్చుని, అరగ్లాసు నీళ్ళని చప్పరిస్తూ తాగే అన్నని చూస్తే నాకు ఏడుపొచ్చేది. పక్కసందులోకి పోయి ఏడ్చేవాణ్ణి కూడా.

కిడ్నీ మార్పిడి ఒక్కటే దారి అన్నారు. చనిపోయినవాళ్ళ కిడ్నీ కోసం పేరు రాయించాం గానీ, మా ముందున్న వరస చాలా పొడుగు. అయినవాళ్ళెవరైనా ఇస్తే నయమన్నారు. అమ్మ ముందుకొచ్చింది. వయసూ బీపీ చూసి, పరీక్షల దాకా పోకుండానే ఆమెను వద్దన్నారు. వదిన ముందుకొచ్చింది. ఆమెకి షుగరు. వాళ్ళ పిల్లలిద్దరూ ఇంకా బళ్ళో ఉన్నారు. ఇక మిగిలింది నేను. "నాను ఇత్తాను" అని ఆ గదిలోనే చెప్పేశాను. ఆలోచించి చెప్పింది కాదు. నన్ను సముద్రం మీదకి పోనివ్వకుండా తనొక్కడే పోయినవాడికి ఇవ్వడానికి ఆలోచించేదేముంది?

మా ఆవిడ ఊరుకుంటుందా! ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద రభస. మా పేటలో ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఒకటే. "నీకేటైనా అయితే నా పిల్లలకెవుడు దిక్కు? నాను ఒప్పుకోను గాక ఒప్పుకోను!" అని ఆమె అరిచిన అరుపు వీధి చివరిదాకా వినపడింది. కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒక పొద్దున్న అన్నం డబ్బా చేతికిస్తూ, "ఇచ్చీ. ఇయ్యకపోతే నువ్వెలాగూ మనిషిగా మిగల్నేవు" అంది. ఈ రెండో మాట మెల్లగా అంది కాబట్టి వీధికి వినపడలేదు. అందరికీ గుర్తుండిపోయింది మొదటి మాటే.

నెత్తురు గ్రూపు కలిసింది. ఆ సంగతి తెలిసిన రోజు వదిన నన్ను కూర్చోబెట్టి వంజరం పులుసు వడ్డించింది. "నా పసుపు కుంకాలు నీ సేతిలో ఉన్నాయి మరిదీ" అని నా చేతులు కళ్ళకద్దుకుంది. నాకు సిగ్గేసి ముద్ద దిగలేదు. టీ కొట్టు దగ్గర పెద్దవాళ్ళు సైతం బల్ల మీద జరిగి నాకు చోటిచ్చేవాళ్ళు. తమ్ముడంటే అలగుండాలి అని నా వెనక అనుకునేవాళ్ళు. నా ఛాతీ పొంగలేదంటే అబద్ధం.

ఆ తర్వాత కడుపు స్కానింగ్. చల్లటి జిగురు రాసి డాక్టరమ్మ కుడిపక్క చూసింది, ఎడమపక్క చూసింది. పక్కకి తిరగమంది. ఊపిరి బిగపట్టమంది. మళ్ళీ ఎడమపక్క. "చిన్నప్పుడు ఏదైనా ఆపరేషన్ జరిగిందా?" అని అడిగింది. లేదన్నాను. లేచి వెళ్ళి ఇంకో డాక్టర్ని వెంటబెట్టుకొచ్చింది. ఇద్దరూ కలిసి తెర వైపు చూస్తూ గుసగుసలాడుకుంటుంటే నాకు రాయేదో ఉందేమోనని భయం పట్టుకుంది. రాయి కాదు.

"మీకు ఎడమ కిడ్నీ లేదండీ" అంది.

"లేదంటే? ఎక్కడికి పోయింది?"

"ఎక్కడికీ పోలేదు. అసలు ఏర్పడలేదు. కొంతమంది పుట్టుకే అంత. ఉన్న ఒక్కటీ పెద్దగా ఉంది, చక్కగా పని చేస్తోంది. ఇన్నాళ్ళూ దాంతోనే బతికారు, ఇక ముందూ బతుకుతారు. నీళ్ళు బాగా తాగండి. బీపీ చూపించుకుంటూ ఉండండి. నొప్పి బిళ్ళలు ముట్టుకోకండి. ఆ పక్క దెబ్బ తగలకుండా చూసుకుంటే నూరేళ్ళు ఉంటారు."

నూరేళ్ళు నాకెందుకమ్మా అని అరవాలనిపించింది. ఇవ్వడానికి వచ్చినవాణ్ణి నేను, నా ఆయుష్షు అడగడానికి రాలేదు. అనుమానం తీరక పెద్ద స్కానింగు కూడా తీయించారు. అందులోనూ అదే మాట.

బయట బెంచీ మీద వదినా, మా ఆవిడా కూర్చున్నారు. చెప్పాను. వదిన మొహంలో నెత్తురు చుక్క లేదు. మా ఆవిడ మాత్రం, "ఓలమ్మా! అయితే నీకాడ్నుంచి తియ్యరా?" అంది. ఆ గొంతులో సంతోషం. దేన్నీ దాచుకోవడం చేతకాని మనిషి, ఏం చేస్తాం. వదిన ఆ మొహం వంక చూసింది, తర్వాత నా వంక చూసింది. ఇక ఆమెకి ఏ డాక్టరు చెప్పినా ఎక్కదని నాకు అప్పుడే అర్థమైంది.

అన్నకి నేనే చెప్పాను. భయపడుతూ చెప్పాను. విని, దగ్గుతూనే నవ్వాడు. "ఓరి నీ! నువ్వు సింగిలింజిన్ బోటువా! ఇన్నాళ్ళూ ఎలగ లాక్కొచ్చినావురా?" అని నా వీపు నిమిరాడు. "నీదైనా జాగర్త. నీరు తాగు. నాలాగ బిళ్ళలు మింగకు" అన్నాడు. అనుమానం అన్నది ఆ కళ్ళలోకి ఒక్కసారి కూడా రాలేదు. ఆ రోజు అన్న నన్ను నాలుగు తిట్టుంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఇంక పేట సంగతి. కుండకైతే మూకుడుంది, ఊరి నోటికేం మూత పెడతాం? పెళ్ళాం వద్దంది, వీడు డాక్టర్ని పట్టుకుని కాగితం రాయించుకున్నాడన్నారు. ఆఫీసరు కదా, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు కదా అన్నారు. కొందరు ఇంకో మెట్టు ఎక్కారు. రెండోది ఎప్పుడో అమ్మేసుకున్నాడు, లేకపోతే మేడ మీద గది ఎలా వేశాడు అన్నారు. నా మేడ మీద గది రేకులది! రేకుల గది కోసం కిడ్నీ అమ్ముకునేంత వెధవలా కనపడ్డానా నేను? టీ కొట్టు దగ్గర చొక్కా పైకెత్తి చుట్టూ తిరిగి చూపించాను. ఎక్కడుందిరా కోత, చూడండి అన్నాను. "ఇప్పుడు కోత నేకుండానే తీసేత్తన్నారు బావా, బెజ్జం పెట్టి లాగేత్తారు" అన్నాడొకడు. ఆహా, ఎంతటి జ్ఞానం! స్కానింగ్ ఫిల్మును ఎండకేసి పట్టి చూపిస్తే, "ఇది నీ కడుపే అని గేరంటీ ఏటి?" అన్నాడు ఇంకొకడు. ఆ రోజు కొట్టుకునేదాకా వెళ్ళింది.

ఇవన్నీ పోనీ అనుకోవచ్చు. గుండెలో దిగింది అమ్మ మాట. వదిన ఇంటి ముందు, అందరూ వింటుండగా అంది. "నా కొడుకుల్ని నాను లోటుతో కన్నేదు. నూని రాసి, నలుగెట్టి, నీలోసి పెంచినాను. ఒంట్లో తక్కువుంటే తల్లికి తెలీదా?"

"కిడ్నీ లోపలుంటాదే అమ్మా! నలుగెడితే తగుల్తాదా?"

"నువ్వు నా కడుపుని అవమానం సెయ్యకు" అంది.

అమ్మ ఎందుకలా అందో నాకు తెలుసు. మా వాళ్ళలో బిడ్డ ఏ అవయవమైనా లోటుతో పుడితే ముందు తల్లినే నిలదీస్తారు. గ్రహణం వేళ కత్తిపీట పట్టుకున్నావా, చేప కోశావా అని. అమ్మ జీవితమంతా చేపలు కోసింది. కడుపుతో ఉన్నప్పుడూ కోసింది, కోయకపోతే పూట గడవదు. ఆ మాట తన మీదకి రాకముందే అడ్డం కొట్టింది. అర్థమైతే మాత్రం ఏం లాభం? కన్నతల్లే అలా అన్నాక నా మాట ఎవడు నమ్ముతాడు?

అవి వేట నిషేధం రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని బోట్లన్నీ హార్బర్‌లో కట్టేస్తారు. మగాళ్ళంతా పేటలో ఖాళీ. తగువు తేల్చడానికి అంతకంటే మంచి అదను దొరకదు. గంగమ్మ గుడి ముందు పెద్దలు కూర్చున్నారు. మాలో ఎవరి మాట నిజమో తేలనప్పుడు ప్రమాణం చేయిస్తారు. అరచేతిలో కర్పూరం వెలిగించుకుని అమ్మవారి ముందు ఆర్పాలి. సరేనన్నాను. కాలితే చెయ్యే కదా.

వదిన లేచి నిలబడింది. "కప్పురం ఆర్పడం ఏటి పెద్ద పని? ఆల్ల అన్న నెత్తి మీద సెయ్యెట్టి సెప్పమనండి. అప్పుడు నమ్ముతాను" అంది.

జనంలో కలకలం రేగింది. మనిషి మీద ఒట్టంటే తమాషా కాదు. అబద్ధపు ఒట్టు పెడితే పెట్టినవాడికి ఏమీ కాదు. ఎవరి తల మీద చెయ్యి పెట్టాడో వాళ్ళు పోతారు. అందుకే మా పేటలో పిల్లల మీద ఒట్టెయ్యమంటే పూటుగా తాగినవాడు కూడా వెనకడుగు వేస్తాడు. వదిన వేసిన ఎత్తు తెలివితక్కువదేమీ కాదు. వీడు నిజంగా దాచుకునుంటే అన్న ప్రాణం మీద ఒట్టెయ్యడు, భయపడి ఒప్పుకుంటాడు, కిడ్నీ ఇస్తాడు అనుకుంది. మొగుణ్ణి బతికించుకోవడానికి ఆమె చేతిలో మిగిలింది అదొక్కటే.

అన్న ఆ రోజే మిషన్ మీద నుంచి వచ్చాడు. అంత ఎండలో దుప్పటి కప్పుకుని గుడి అరుగు మీద గోడకి చేరబడి ఉన్నాడు. నేను విసవిసా అటు నడిచాను. దగ్గరికి వెళ్ళగానే నా మణికట్టు పట్టుకున్నాడు. ఒకప్పుడు వల లాగిన చెయ్యి, ఇప్పుడు పట్టులో బలమే లేదు.

"వద్దురా" అన్నాడు, నాకు మాత్రమే వినపడేలా. "నాకు నమ్మకమే. నాను ఎలాగూ ఎక్కువ దినాలుండను. నాను పోయినాక నిన్నేటంటారో ఒకపాలి ఆలోసించు."

వినవలసిన మాట. బతుకులో ఒక్క మాట విని ఉండాల్సిందంటే అదే. కానీ నా కోపం సంగతి నాకు తెలుసు, అది ఎక్కాక చెవులు పని చెయ్యవు. నిజం నా దగ్గరుంది, నాకేం భయం అనుకున్నాను. అన్న చేతిని విడిపించుకుని తల మీద చెయ్యి పెట్టాను. జుట్టు పల్చబడిపోయింది. మాడు వేడిగా ఉంది. "మా అన్న మీద ఒట్టు. నాకు పుట్టినకాడ్నుంచీ ఒకటే కిడ్నీ. ఇది అబద్ధమైతే..." అని, ఆ 'అయితే' తర్వాత అనాల్సింది కూడా అన్నాను. ఇక్కడ రాయలేను.

పెద్దలు తలలూపి లేచారు. వదిన నేల మీద కూలబడి ఏడ్చింది, కానీ నమ్మింది. ఇక కిడ్నీ రాదని కూడా అప్పుడే నమ్మిందేమో. ఆ సాయంత్రం మా ఇంటికి కూర పంపింది. కొన్నాళ్ళు పేట నాతో మళ్ళీ మామూలుగా మాట్లాడింది. నేనే గెలిచాననుకున్నాను, బుద్ధిలేనివాణ్ణి.

నిషేధం ఎత్తేశారు. బోట్లు వేటకెళ్ళాయి. వానలు మొదలయ్యాక ఒకనాడు మిషన్ మీద ఉండగానే అన్న గుండె ఆగిపోయింది. ఈ జబ్బులో అలా జరగొచ్చని డాక్టర్లు ముందే చెప్పి ఉన్నారు. ఫ్యాక్టరీలో ఉండగా నాకు ఫోనొచ్చింది. దారంతా లారీల వెనక బస్సు పాకుతూ వస్తుంటే డ్రైవర్ని తిడుతూనే ఉన్నాను. నేను చేరేసరికి అన్నని ఇంటి ముందు పడుకోబెట్టారు. నన్ను చూడగానే వదిన శవం పక్కనుంచి లేచింది.

"వొచ్చినావా? నీ ఒట్టు తినీసింది నా మొగుణ్ణి. సూసుకో!"

అన్న పోతాడని పేటలో పసిపిల్లకి కూడా తెలుసు. అయినా ఒట్టు పెట్టింది నేను, పోయింది అన్న. ఆ రెండింటికీ మధ్యనున్న రోగం ఒక్కడికీ కనపడలేదు. నిజమే చెప్పాను, నా నిజం అబద్ధమని అన్న చావుతో రుజువైపోయింది. పాడెకి భుజం పెట్టబోతే పక్కకి నెట్టారు. "నువ్వొద్దు బావా, ఎలిపో" అన్నాడు అన్నతో బోటెక్కేవాడు, మెల్లగానే అన్నాడు. అమ్మ అదంతా చూసింది. ఒక్క మాట అడ్డం వేయలేదు. అందరికంటే వెనకాల, వానలో తడుస్తూ నడిచాను. మా అన్నని మోసే భాగ్యం లేకుండా పోయింది నాకు.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. నేను నిలకడగానే ఉన్నాను, అది తెలియలేదు. పేటలో ఉండలేక అచ్యుతాపురం దగ్గర అద్దెకి దిగాం. ఒక్క కిడ్నీతో ఎలా బతుకుతారండీ అని ఫ్యాక్టరీలో అడుగుతుంటారు. దాంట్లో వింతేమీ లేదు. నీళ్ళ సీసా పక్కన పెట్టుకుంటాను. ఏడాదికోసారి నెత్తురూ బీపీ చూపించుకుంటాను. తలనొప్పి వస్తే బిళ్ళ వేసుకోకుండా పళ్ళు బిగించుకుంటాను. నా పిల్లలకి స్కానింగు తీయించాను, ఇద్దరికీ రెండేసి ఉన్నాయి. ఒంటికి ఏ లోటూ తెలియదు. కష్టమంతా వేరే చోట ఉంది. ఒక్కోసారి నాకే అనుమానం వచ్చేది, నిజం ఒట్టయినా తగులుతుందేమోనని. చదువుకున్నవాడివి, నీకిదేం పిచ్చిరా అని నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి. అయినా నా పిల్లల తల నిమరబోయి చెయ్యి వెనక్కి తీసుకున్న రోజులున్నాయి.

అమ్మ వదిన దగ్గరే ఉండిపోయింది. నా దగ్గరికి రాలేదు, నేను పిలవలేదు. అలాంటిది ఈమధ్య ఒకరోజు తనే ఫోను చేసింది. కడుపులో పోటు, తిన్నది ఇమడటం లేదట. "డాక్టర్ల కాడ మాటాడ్డానికి నువ్వైతే..." అని ఆగిపోయింది. సెలవు పెట్టి వెళ్ళి, పేట మొదట్లో ఆటో ఎక్కించుకుని సీతమ్మధారలో ఒక క్లినిక్కి తీసుకెళ్ళాను. దారిలో ఎండ గురించి తప్ప ఏమీ మాట్లాడుకోలేదు. స్కానింగ్ గదిలో పెద్దావిడకి తోడుండమంటే లోపలే నిలబడ్డాను.

పిత్తాశయంలో రాళ్ళున్నాయని చెప్పాడు కుర్ర డాక్టరు. ఆ తర్వాత చెయ్యి ఎడమపక్కకి పోయి ఆగింది. వెనక్కి పోయింది, మళ్ళీ వచ్చింది. పక్కకి తిరగమన్నాడు. ఊపిరి బిగపట్టమన్నాడు. ఆయన నోరు తెరవకముందే నాకు తెలిసిపోయింది. గోడ పట్టుకున్నాను.

"మామ్మగారికి ఒకటే కిడ్నీ ఉంది. పుట్టుకతోనే. మీకు తెలీదా? కొన్ని కుటుంబాల్లో ఉంటుందిలెండి. కంగారేం లేదు, ఇన్నాళ్ళూ దాంతోనే నడిచిపోయింది కదా" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. పైకే నవ్వాను. ఆ డాక్టరు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. అమ్మ నవ్వలేదు. జిగురు తుడుచుకుని, చీర సర్దుకుని, నా చెయ్యి పట్టుకోకుండా తనే నడిచి బయట బెంచీ మీద కూర్చుంది. ఒక్క కిడ్నీతో ఇద్దరు కొడుకుల్ని కని, తట్ట నెత్తిన పెట్టుకుని ఈ ఊరంతా తిరిగిన మనిషి. పక్కన కూర్చున్నాను. నువ్వు నిజమే చెప్పావురా అని అంటుందని ఎదురుచూశాను. ఆ ఒక్క మాట కోసమే ఇన్నాళ్ళూ బతికానేమో అనిపించింది అప్పుడు.

"ఏ పక్క నేదు?" అని అడిగింది.

"ఎడమ."

"నీకూ?"

"నాకూ ఎడమే."

చెయ్యి ఎడమ డొక్క మీద పెట్టుకుని చూసుకుంది. "అయితే నీ ఒట్టు నిజమే" అంది.

"నిజమే అమ్మా."

"మరైతే నా పెద్దోడు ఎందుకు పోనాడ్రా?"

జబ్బుతో పోయాడమ్మా అన్నాను. బీపీ అన్నాను, బిళ్ళలన్నాను. డాక్టరు నాకు చెప్పిందంతా మళ్ళీ చెప్పాను. విన్నట్టే లేదు. ఇన్నాళ్ళూ ఆమె దగ్గర ఒక కారణం ఉంది. చిన్నోడు అబద్ధపు ఒట్టు పెట్టాడు, పెద్దోడు పోయాడు. ఆ కారణాన్ని ఆ గదిలో లాగేసుకున్నారు. కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు కారుతుంటే కారనిచ్చింది.

"ఇది మీ వదినకి సెప్పకు" అంది.

"ఏటి?"

"సెప్పకు. ఇద్దరు పిల్లల్నేసుకుని తట్ట మోత్తంది. పొద్దున్న లేసి నిన్ను తిట్టుకుంటాది, అప్పుడు తట్ట ఎత్తుకుంటాది. ఆ తిట్టు కూడా తీసీసినావంటే అది లెగనేదు. నాకిప్పుడు తెలుత్తంది కదా ఎలగుంటాదో."

నా ఒళ్ళు భగ్గుమంది. "మరి నాను? నాను ఎవుణ్ణి తిట్టుకోవాలే?" అని అరిచాను. క్లినిక్‌లో టోకెన్లు పట్టుకుని కూర్చున్నవాళ్ళంతా మా వైపు తిరిగారు.

"నన్ను తిట్టుకో" అంది అమ్మ. "నిన్నిలగ కన్నది నానే కదా."

తిట్టలేదు, వదినకి చెప్పనని మాటిచ్చాను. ఇందులో నేను ఎవరి పేరూ రాయకపోవడం అమ్మకిచ్చిన మాట కోసమే.

మందులు కొని, ఆటోలో పేట దాకా తీసుకొచ్చాను. వీధి మొదట్లోనే ఆపించి దిగింది. వదిన అప్పుడే అమ్మకం ముగించుకుని ఖాళీ తట్టతో వస్తోంది. మనిషి సగమైపోయింది. అమ్మని చెయ్యి పట్టి పక్కకి తీసుకుంది. ఆటోలో నన్ను చూసింది. ఎప్పటిలాగే పక్కకి తిరిగి ఉమ్మేసి, "సచ్చినోడా, నా మొగుణ్ణి తినీసినావు కదరా" అంది. నాలుక చివరి దాకా వచ్చిన మాటని మింగేశాను. జీవితంలో నేను మింగిన మాట అదొక్కటే. అమ్మ నా వైపు చూడలేదు.

ఆటో తిరిగాక డ్రైవరు అద్దంలోంచి చూస్తూ, "ఎవరండీ ఆవిడ? అంత మాట అంటే ఊరుకున్నారేటి?" అని అడిగాడు.

"మా వదిన" అన్నాను.